ముసలి డిస్కులు, ఇంటి సర్వర్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బెంగ. ఏళ్ల తరబడి తిరుగుతున్న హార్డ్ డిస్కును ఇంకా ఎంతకాలం నమ్మవచ్చు? ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. కమాండ్లు లినక్స్‌వి. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలను స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం కూడా ఆ అంకెలే చూపిస్తుంది. కాకపోతే ముడి విలువలను అది హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది కాబట్టి అక్కడ కనిపించే 10 నిజానికి 16. ఫంక్షన్ మెనూలో పదుల లెక్కకు మార్చుకున్నాకే చదవండి.

ప్రశ్న: మా ఫైల్ సర్వర్‌లో 4 టీబీ డిస్క్ రాత్రింబగళ్లు నడుస్తోంది. పవర్ ఆన్ అవర్స్ 52,000 దాటాయి. స్మార్ట్ రిపోర్ట్ మొత్తం మీద 'పాస్డ్' అనే అంటోంది కానీ, కరెంట్ పెండింగ్ సెక్టార్ దగ్గర కొత్తగా 8 కనిపిస్తోంది. రీఅలొకేటెడ్ మాత్రం సున్నా. డిస్క్ మార్చేయాలా?

జవాబు: 'పాస్డ్' అన్న మాటకు పెద్దగా విలువ ఇవ్వకండి. తయారీ కంపెనీ గీసుకున్న గీత కిందికి ఏ విలువా జారలేదని తప్ప దానికి వేరే అర్థం లేదు. ఆ గీత చాలా కిందుంటుంది. వందల సెక్టార్లు పోయిన డిస్క్ కూడా హాయిగా పాసైపోతుంటుంది. మీరు చూడాల్సింది కుడి చివర ఉండే ముడి విలువలు, అందులోనూ 5, 187, 188, 197, 198 నంబర్లు. లక్షల డిస్కులు నడిపే ఆన్‌లైన్ బ్యాకప్ సంస్థ బ్యాక్‌బ్లేజ్ కూడా తన డిస్కుల్లో గమనించేది ఈ ఐదింటినే.

ఏడాదికి 8,760 గంటల లెక్కన 52,000 అంటే దాదాపు ఆరేళ్లు. వయసు ఒక్కటీ చూసి డిస్కును తీసేయనక్కర్లేదు. మనల్ని ఆపాల్సింది ఆ 8. చాలా డిస్కుల్లో లోపలి సెక్టార్ 4,096 బైట్లు. కంప్యూటర్‌కు మాత్రం దాన్ని 512 బైట్ల ముక్కలు ఎనిమిదిగా చూపిస్తాయి. లోపల ఒక్క సెక్టార్ చదవడానికి రాకపోతే లెక్కలో ఎనిమిది పడుతుంది. అంటే మీ డిస్కులో ప్రస్తుతం మొండికేసింది బహుశా ఒకే ఒక్క సెక్టార్.

అది 'పెండింగ్'లో ఎందుకు ఉందంటే, అందులో ఏముందో డిస్కుకే తెలియదు కాబట్టి. చదవబోయింది, తప్పులు సరిదిద్దే కోడ్‌కు కూడా లొంగలేదు. ఆ సెక్టార్‌ను పక్కకు తప్పించేస్తే అందులోని డేటా ఇక పోయినట్టే. అందుకని మళ్లీ ఎప్పుడైనా చదవడానికి వస్తుందేమోనని, లేదా మీరే దానిమీద కొత్తగా ఏదైనా రాస్తారేమోనని ఆగి చూస్తుంది. కొత్తగా రాసింది నిలిస్తే పెండింగ్ తగ్గిపోతుంది, రీఅలొకేటెడ్ సున్నాగానే ఉంటుంది. రాస్తుండగా కరెంటు పోయి సగంలో ఆగిన సెక్టార్ సాధారణంగా ఇలాగే బాగుపడుతుంది. రాసినా నిలవకపోతే డిస్క్ దాన్ని స్పేర్ సెక్టార్‌కు మళ్లిస్తుంది, అప్పుడు 5వ నంబర్ పెరుగుతుంది.

మొదట, ఆ డిస్కులో ఉండి మరెక్కడా లేని ఫైళ్లను ఇవాళే మరో డిస్కులోకి కాపీ చేయండి. పరీక్షలన్నీ ఆ తర్వాతే. లాంగ్ టెస్ట్ డిస్కును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదివిస్తుంది. బలహీనంగా ఉన్న డిస్కుకు అదే చివరి పని కావచ్చు. కాపీ అయ్యాక ఆ ఐదు నంబర్లను తేదీతో సహా రాసిపెట్టుకుని, స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో లాంగ్ టెస్ట్ మొదలుపెట్టండి. 4 టీబీకి ఏడెనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. చదవలేని చోటు తగలగానే టెస్ట్ ఆగిపోయి, ఆ చోటు అడ్రస్‌ను లాగ్‌లో రాస్తుంది.

డిస్క్ లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో (ఒకటి పోయినా డేటా నిలిచేలా కొన్ని డిస్కులను కలిపిన జట్టు) ఉంటే 'చెక్' అనే తనిఖీ నడిపితే చాలు. చదవలేని సెక్టార్‌లో ఉండాల్సినదాన్ని మిగతా డిస్కుల నుంచి తెచ్చి దానిమీద రాసేస్తుంది. జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఇలాంటి తనిఖీని స్క్రబ్ అంటారు. అదీ ఇదే చేస్తుంది కానీ, డేటా ఉన్న చోట్లనే చదువుతుంది. చెడ్డ సెక్టార్ ఖాళీ జాగాలో ఉంటే స్క్రబ్ శుభ్రంగా ముగుస్తుంది, పెండింగ్ 8 మాత్రం అలాగే ఉంటుంది. దీన్ని చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. ఒంటరి డిస్క్ అయితే అంతా బయటికి తీసి, మొత్తం సున్నాలతో నింపి, మళ్లీ లాంగ్ టెస్ట్ చేయండి.

ఇంత చేశాక 197 (పెండింగ్) సున్నాకు వచ్చి, 5 (రీఅలొకేటెడ్) సున్నాలోనో ఒకటి రెండులోనో నిలిచి, నెల రోజులు కదలకపోతే ఆ డిస్కును వాడుకోవచ్చు. అయితే అందులో ఉన్నదానికి మరో కాపీ ఉన్న చోట మాత్రమే. వారం వారం పెరుగుతుంటే ఇక ఆలోచించాల్సింది లేదు, తీసేయండి. లక్షకు పైగా డిస్కుల మీద గూగుల్ 2007లో ప్రచురించిన పరిశీలనలో, మొదటి స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్కులు 60 రోజుల్లో పాడయ్యే అవకాశం, ఎర్రర్ లేనివాటితో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే పరిశీలనలో మరో సంగతి కూడా ఉంది. పాడైన డిస్కుల్లో 56 శాతానికి పైగా, బలమైనవిగా గుర్తించిన నాలుగు స్మార్ట్ సంకేతాల్లో ఒక్కటీ చూపించలేదు. కాబట్టి అంకె పెరిగితే భయపడాలి, పెరగలేదని ధీమాగా కూర్చోకూడదు.

ప్రశ్న: కొత్త సీగేట్ డిస్క్. రా రీడ్ ఎర్రర్ రేట్ 15 కోట్లకు పైగా చూపిస్తోంది! వాపసు చేయాలా?

జవాబు: అక్కర్లేదు. సీగేట్ 1, 7 నంబర్లలో రెండు లెక్కలను ఒకే అంకెలో ఇరికిస్తుంది. 48 బిట్లలో కింది 32 ఎన్నిసార్లు పని జరిగిందో చెబుతాయి, పై 16 ఎన్ని తప్పులు వచ్చాయో చెబుతాయి. 32 బిట్లలో పట్టే అత్యధిక సంఖ్య 429 కోట్ల 49 లక్షల చిల్లర. మీ అంకె దాన్ని దాటనంతవరకు తప్పులు సున్నా అన్నమాట. పైన చెప్పిన ఐదు నంబర్లు చూసుకుని నిశ్చింతగా ఉండండి.

ప్రశ్న: నాలుగు డిస్కుల రెయిడ్‌లో ఒక డిస్క్ అప్పుడప్పుడు బయటికి వచ్చేస్తోంది. మళ్లీ కలిపితే రెండు మూడు వారాలు బాగుంటుంది. రీఅలొకేటెడ్, పెండింగ్ రెండూ సున్నా. 199వ నంబర్ మాత్రం 340కి చేరింది. డిస్క్ మార్చినా పోవడం లేదు.

జవాబు: డిస్క్ మార్చినా పోలేదంటే తప్పు డిస్కుది కాదని మీరే తేల్చేశారు. 199 అంటే యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్. డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడి, మళ్లీ పంపాల్సి వచ్చిన సార్లు. దోషం సాటా కేబుల్‌లోనో, కనెక్టర్‌లోనో, డిస్కులు దోపే బ్యాక్‌ప్లేన్‌లోనో, పోర్టులోనో ఉంటుంది.

ఒకేసారి అన్నీ మార్చేయకండి. మార్చేస్తే దోషి ఎవరో ఎప్పటికీ తెలియదు. ముందు కేబుల్. లాక్ క్లిప్ ఉన్నది, అర మీటరు మించనిది తీసుకోండి. గట్టిగా మడత పెట్టొద్దు, కేబుళ్లన్నీ కట్టగట్టి బిగించొద్దు. సర్వర్‌లో డిస్కులు అదురుతుంటాయి, ఏళ్లు గడిచేసరికి వదులు కనెక్టర్ మెల్లగా పైకి వస్తుంది. ఈ లెక్క ఎప్పటికీ తగ్గదు కాబట్టి 340ని సున్నా చేయాలని చూడొద్దు. రాసిపెట్టుకుని, 341 అవుతుందా లేదా అన్నది చూడండి. పెరిగితే ఆ కేబుల్‌ను వేరే పోర్టుకు మార్చండి. ఇప్పుడు ఎర్రర్లు ఆగిపోతే దోషం పాత పోర్టుది. ఆ పోర్టులో పెట్టిన మరో డిస్కుకు పెరగడం మొదలైతే ఇక సందేహం అక్కర్లేదు.

సీఆర్‌సీ పెరగకుండా డిస్క్ మాయమవుతుంటే పవర్ వైపు చూడండి. స్టార్ట్ స్టాప్ కౌంట్, పవర్ సైకిల్ కౌంట్ మీరు ఆపకుండానే పెరుగుతున్నాయంటే డిస్కుకు కరెంటు తెగి తెగి వస్తోందని అర్థం. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే అడాప్టర్లలో, తీగల చుట్టూ ప్లాస్టిక్ పోతపోసిన రకం లోపల షార్ట్ అయి కాలిపోతుంది. తీగలను విడిగా నొక్కి బిగించిన రకమే వాడండి, అదీ తప్పనిసరైతేనే.

ప్రశ్న: 8 టీబీ డిస్కులు నాలుగింటితో రెయిడ్ 5 (ఒక్క డిస్క్ పోతే తట్టుకునే రకం). అన్నీ ఒకేసారి కొన్నవి, ఐదేళ్లు దాటాయి. ఒకటి చచ్చిపోయింది. కొత్త డిస్క్ వచ్చింది. పెట్టేసి రీబిల్డ్ (పోయినదాన్ని మిగతా డిస్కుల నుంచి కొత్తదానిలో తిరిగి రాయడం) మొదలుపెట్టవచ్చా? రెండో డిస్క్ కూడా పోతుందని భయపెడుతున్నారు.

జవాబు: భయంలో నిజం ఉంది కానీ, చెప్పే లెక్కలో అంత లేదు. ఆ లెక్క ఇలా ఉంటుంది. డిస్క్ స్పెసిఫికేషన్‌లో 10 పక్కన 14 ఘాతం ఉన్నన్ని బిట్లు చదివితే ఒకటికి మించకుండా చదవలేని తప్పు వస్తుందని రాసి ఉంటుంది. అంటే 12.5 టీబీకి ఒకటి. మీరు మూడు డిస్కుల నుంచి 24 టీబీ చదవాలి కాబట్టి రీబిల్డ్ తప్పక విఫలమవుతుందని తేల్చేస్తారు. అదే నిజమైతే ఇంత పెద్ద రెయిడ్‌లో నెలనెలా నడిచే ప్రతి స్క్రబ్‌లోనూ తప్పులు రావాలి. ఆరోగ్యంగా ఉన్న డిస్కుల్లో అలా రావడం లేదు. కంపెనీ రాసింది గరిష్ఠ హద్దు, సగటు కాదు.

నిజమైన ప్రమాదం వేరే ఉంది. నాలుగూ ఒకే బ్యాచ్, ఒకే వేడి, ఒకే అదురు, ఒకే వయసు. ఒకటి ఎందుకు పోయిందో ఆ కారణమే మిగతావాటినీ తింటూ ఉండవచ్చు. పైగా నెలల తరబడి ఎవరూ చదవని మూలల్లో చదవడానికి రాని సెక్టార్లు ముందే పోగుపడి ఉంటాయి. రీబిల్డ్ వాటిని పుట్టించదు, ఉన్నవాటిని బయటపెడుతుంది, అదీ స్పేర్ లేని రోజున. గోరుచుట్టు మీద రోకటిపోటు పడేది ఇలాగే. నెలకోసారి స్క్రబ్ నడిపే రెయిడ్‌కు ఈ గండం చాలావరకు ఉండదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాం. రెయిడ్ ఇంకా నడుస్తోంది కదా, బ్యాకప్ లేకపోతే రీబిల్డ్ కన్నా ముందు ముఖ్యమైన ఫైళ్లను బయటికి తీయండి. కాపీ మీకు కావాల్సిన ఫైళ్లను మాత్రమే చదువుతుంది, రీబిల్డ్ అయితే అన్నీ చదవాలి. తర్వాత మిగిలిన మూడింటి స్మార్ట్ రిపోర్టులు చూడండి. ఏదైనా ఒకదానిలో పెండింగ్ కనిపిస్తే రీబిల్డ్ ఆపి, సర్వర్ ఆపేసి, ఆ డిస్కును డీడీరెస్క్యూతో (చెడిన డిస్కు నుంచి వచ్చినంతా లాగే ప్రోగ్రాం) కొత్త డిస్కు మీదికి నకలు తీయండి. మ్యాప్ ఫైల్ తప్పక ఇవ్వండి. మధ్యలో ఆగినా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలవుతుంది. మొదటి విడత 'హైఫన్ ఎన్' ఇచ్చి సులువుగా వచ్చేవన్నీ లాగేయండి, మొండివాటిని రెండో విడతలో మూడుసార్లు ప్రయత్నించమనండి. ఇలా తీసిన నకలుతో రెయిడ్‌ను నిలబెట్టి, ఆ తర్వాత చచ్చిన దాని స్థానంలో ఇంకో డిస్క్ పెట్టి రీబిల్డ్ చేయాలి. కొత్తవి రెండు కావాలన్నమాట.

డిస్క్ లాగేముందు సీరియల్ నంబర్ చూడండి, పోర్టు క్రమాన్ని నమ్మకండి. లినక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు ఒక్క రీస్టార్ట్‌తో తారుమారవుతాయి. ఒక డిస్క్ పోయిన రెయిడ్ 5లో బాగున్న డిస్కును పొరపాటున లాగేస్తే రెయిడ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆ పరిస్థితి వస్తే లినక్స్ రెయిడ్ కమాండ్ ఎండీఏడీఎంలో 'అసెంబుల్ ఫోర్స్' వరకు పర్వాలేదు, 'క్రియేట్' జోలికి మాత్రం పోకండి. డిస్కుల వరుస గానీ చంక్ సైజు గానీ తప్పుగా ఇచ్చి క్రియేట్ చేశాక రీసింక్ నడిచిందంటే ఉన్నది కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

రెండు చిక్కులు రీబిల్డ్‌ను దొంగదెబ్బ తీస్తాయి. మొదటిది సమయం. డెస్క్‌టాప్ డిస్క్ ఒక మొండి సెక్టార్‌తో నిమిషం దాటినా పెనుగులాడుతుంది. లినక్స్ 30 సెకన్లకే విసిగి డిస్కును రీసెట్ చేస్తుంది, రెయిడ్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. సర్వర్ డిస్కులు 7 సెకన్లకే ఓటమి ఒప్పుకుంటాయి. స్మార్ట్‌సీటీఎల్‌లో ఎస్‌సీటీ ఈఆర్‌సీ (మొండి సెక్టార్‌తో డిస్క్ పెనుగులాడే గడువు) విలువను 70, 70కి పెట్టండి. లెక్క సెకనులో పదో వంతుల్లో ఉంటుంది కాబట్టి 70 అంటే 7 సెకన్లు. కరెంటు తీసేస్తే చాలా డిస్కులు దీన్ని మరిచిపోతాయి, బూట్ స్క్రిప్ట్‌లో రాయండి. అసలు ఈ సౌకర్యమే లేని డిస్కుకు లినక్స్ టైమౌట్‌ను 180కి పెంచండి.

రెండోది ఎస్‌ఎంఆర్. కొత్తగా కొన్న డిస్క్ ట్రాకులు పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కించి రాసే రకమైతే, ఆగకుండా రాసే పనిలో కాసేపటికే దాని వేగం కుప్పకూలుతుంది. రోజులో అవ్వాల్సిన రీబిల్డ్ వారానికి పాకుతుంది. జెడ్ఎఫ్ఎస్‌లో అయితే మధ్యలోనే డిస్క్ బయటికి పోవచ్చు. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్‌వేనని ఒప్పుకున్నాక ఈ గొడవ అందరికీ తెలిసింది. ఇప్పుడు సీఎంఆర్ (ట్రాకులు ఒకదానిమీద ఒకటి ఎక్కించని రకం) కావాలంటే అదే కంపెనీలో 'రెడ్ ప్లస్' చూడాలి. పెట్టె మీది రంగును కాదు, డేటాషీట్‌లో మోడల్ నంబర్ పక్కన ఏం రాసి ఉందో చూసి కొనండి.

ప్రశ్న: రెండు డిస్కుల మిర్రర్ పెట్టుకున్నాను. ఇంకా బ్యాకప్ ఎందుకు?

జవాబు: మీరు ఒక ఫోల్డర్‌ను పొరపాటున తుడిచేస్తే మిర్రర్ దాన్ని రెండు చోట్లా అదే క్షణంలో నమ్మకంగా తుడిచేస్తుంది కాబట్టి. డిస్క్ పోయినా సర్వర్ ఆగకుండా ఉండటానికే రెయిడ్. తప్పు చేతుల నుంచి, వైరస్ నుంచి, పిడుగు నుంచి, ఒక్క పవర్ సప్లై అన్నింటినీ కాల్చేయడం నుంచి అది కాపాడదు. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ పెట్టెలను ఎవరో ఇంటర్నెట్ మీంచి ఫ్యాక్టరీ రీసెట్ చేసేశారు. వాటికి 2015 తర్వాత అప్‌డేట్ లేదు. రెండు డిస్కులుండే డ్యుయో మోడల్ కూడా ఆ జాబితాలో ఉంది. మిర్రర్ అక్కడ ఎవరికీ అక్కరకు రాలేదు.

మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి ఇంటి బయట అన్న పాత లెక్క ఇప్పటికీ మంచిదే. ఇంట్లోని కాపీ కూడా పని అయ్యాక వైరు తీసేసి ఉంచాల్సిన డిస్కులో ఉండాలి. నెలకోసారి ఏదో ఒక ఫోల్డర్‌ను బ్యాకప్ నుంచి వేరే చోటికి తెచ్చి, తెరిచి చూడండి. బ్యాకప్ ప్రోగ్రాం 'సక్సెస్' అన్నది రాసినందుకే, తిరిగి చదవగలిగినందుకు కాదు.

ప్రశ్న: ఫొటోల బ్యాకప్‌ను పాత ఎస్‌ఎస్‌డీలో వేసి బీరువాలో పెట్టవచ్చా? తిరిగే భాగాలు లేవు కదా, హార్డ్ డిస్క్ కన్నా మేలే అనుకుంటున్నాను.

జవాబు: తిరిగే భాగాలు లేని మాట నిజమే గానీ, ఎస్‌ఎస్‌డీలో డేటా ఉండేది ఎలక్ట్రికల్ చార్జ్ రూపంలో. ఆ చార్జ్ మెల్లగా కారిపోతుంది. వేడిగా ఉన్న చోట త్వరగా, బాగా అరిగిన ఫ్లాష్‌లో ఇంకా త్వరగా. మామూలు ఎస్‌ఎస్‌డీ తన రాత ఆయుష్షు మొత్తం వాడేశాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలపాలన్నది చిప్‌ల ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ పెట్టిన ప్రమాణం. సర్వర్ రకానికైతే 40 డిగ్రీల దగ్గర మూడు నెలలే. కొత్త ఎస్‌ఎస్‌డీ దీనికన్నా చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది. మీరు పెడతానంటున్నది పాతది, చిక్కంతా అక్కడే. స్మార్ట్‌లో పర్సంటేజ్ యూజ్డ్ (ఎంత అరిగిందో చెప్పే అంకె) ఎంతుందో చూడండి. 100కు దగ్గరపడి ఉంటే బీరువాకు అది తగదు.

దీర్ఘకాలం దాచడానికి హార్డ్ డిస్కే మాకు ఇష్టం. అదీ పెట్టి మరిచిపోయేది కాదు. ఆరు నెలలకోసారి తీసి తగిలించి, కాపీ చేసిన రోజునే తయారుచేసుకున్న చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే గుర్తు సంఖ్య) జాబితాతో ఫైళ్లన్నీ పోల్చి చూడండి. 'ఎస్‌హెచ్‌ఏ 256 సమ్' కమాండ్‌కు 'హైఫన్ సీ' ఇచ్చి ఆ జాబితా అందిస్తే మారిన ఫైలు పేరు అదే చెబుతుంది. ఒక్క డిస్కుతో సరిపెట్టుకోకుండా, వేర్వేరు కంపెనీలవి రెండు పెట్టుకోండి.

ప్రశ్న: యూఎస్‌బీ పెట్టెలోంచి తీసిన 8 టీబీ డిస్క్ సర్వర్‌లో పెడితే తిరగడమే లేదు. పెట్టెలో మళ్లీ పెడితే బాగా నడుస్తోంది.

జవాబు: సాటా పవర్ కనెక్టర్‌లో మూడో పిన్ను సంగతి. పాత పద్ధతిలో ఆ పిన్నుకు 3.3 వోల్టులు వచ్చేవి. కొత్త పద్ధతిలో ఆ పిన్నుకు వోల్టేజ్ వస్తే డిస్క్ ఆగిపోవాలి, దూరం నుంచి రీసెట్ చేయడానికి వీలుగా పెట్టిన ఏర్పాటు అది. మీ పవర్ సప్లై పాత పద్ధతిలో అక్కడ 3.3 ఇస్తోంది, డిస్క్ దాన్ని 'ఆగు' అని చదువుకుంటోంది. 3.3 వోల్టుల తీగ లేని పవర్ కేబుల్ వాడండి. లేదా డిస్క్ మీది పిన్నుల్లో మొదటి మూడింటి మీద సన్నటి కాప్టన్ టేప్ అంటించండి. మామూలు సెలోటేప్ వేడికి జారిపోతుంది.

తిరగడం మొదలయ్యాక మరో చిక్కు ఎదురుకావచ్చు. కొన్ని యూఎస్‌బీ బ్రిడ్జిలు సెక్టార్‌ను 4,096 బైట్లుగా చూపిస్తాయి, సాటాలో అదే 512గా కనిపిస్తుంది. దాంతో పార్టిషన్ టేబుల్ అర్థంకాక డిస్క్ ఖాళీగా కనిపిస్తుంది. డేటా ఎక్కడికీ పోలేదు. ఫార్మాట్ చేయకుండా పెట్టెలో పెట్టి కాపీ చేసుకోండి.

ప్రశ్న: కరెంటు ఆదా కోసం డిస్కులను పది నిమిషాలకే ఆపేలా పెట్టాను. ఆయుష్షు పెరుగుతుందా, తరుగుతుందా?

జవాబు: రోజుకు రెండు మూడుసార్లు మాత్రమే లేచే బ్యాకప్ డిస్కుకు మంచిదే. 5 వాట్లు ఆదా అయితే ఏడాదికి దాదాపు 44 యూనిట్లు. గంటకు నాలుగుసార్లు లేచి పడుకునే డిస్కుకు మాత్రం వద్దు. డిస్కుకు ఎక్కువ కరెంటు పట్టేది, మోటారు మీద ఎక్కువ భారం పడేది తిరగడం మొదలుపెట్టే క్షణంలోనే.

దీనికన్నా కనిపించకుండా అరగదీసేది హెడ్ పార్కింగ్, అంటే 193వ నంబర్. వెస్టర్న్ డిజిటల్ పాత గ్రీన్ డిస్కులు 8 సెకన్లు పని లేకపోతే హెడ్లను పక్కన పెట్టేసేవి. సర్వర్ ఏదో లాగ్ కోసం 30 సెకన్లకోసారి రాస్తుంటే గంటకు 120, రోజుకు 2,880 సార్లు. స్పెసిఫికేషన్‌లోని 3 లక్షల హద్దును నూటనాలుగు రోజుల్లో దాటేస్తుంది. అలాంటి పాత డిస్క్ మీ దగ్గర ఉంటే ఐడిల్3 టూల్స్‌తో ఆ టైమర్‌ను 300 సెకన్లకు పెంచండి, లేదా ఆపేయండి. మార్పు అమలు కావడానికి కరెంటు పూర్తిగా తీసి మళ్లీ ఇవ్వాలి, రీస్టార్ట్ చాలదు.

ప్రశ్న: ఎనిమిదేళ్ల నాటి నాలుగు డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే) పెట్టె ఇక ఆన్ కావడం లేదు. డిస్కులు బాగానే ఉన్నాయని నమ్మకం. డేటా దక్కుతుందా?

జవాబు: చాలావరకు దక్కుతుంది. ముందుగా డిస్కులను ఏ అరలోంచి ఏది తీశారో వాటిమీద రాయండి. ఆ తర్వాత పెట్టెను తీసిపారేసే ముందు అడాప్టర్ మీద అనుమానపడండి. 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల దగ్గర ఒక్కోటి దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది, నాలుగింటికి 8, అంటే 96 వాట్లు. కెపాసిటర్లు ఎండిన అడాప్టర్ అంత ఇవ్వలేదు, పెట్టె దీపం మిణుకుమంటూ అక్కడే ఆగుతుంది. డిస్కులన్నీ తీసి ఖాళీ పెట్టెను ఆన్ చేయండి. అప్పుడు లేస్తే తప్పు అడాప్టర్‌ది. అదే వోల్టేజ్, అదే పోలారిటీ, అంతే లేదా అంతకు మించిన ఆంపియర్లు ఉన్నది తీసుకోండి.

ఖాళీగా కూడా లేవకపోతే మదర్‌బోర్డు. ఇంటెల్ ఆటమ్ సీ2000 చిప్ ఉన్న పెట్టెలకు పేరుపడ్డ జబ్బు ఒకటి ఉంది. బయోస్‌ను చదివే ఎల్‌పీసీ బస్ క్లాక్ కొన్నేళ్లకు చచ్చిపోతుంది, పెట్టె ఇక బూట్ కాదు. ఇంటెల్ 2017లో దీన్ని తన పత్రాల్లోకి ఎక్కించింది. డిస్కులకు ఇందులో ఏ ప్రమేయమూ లేదు.

డిస్కులను లినక్స్ కంప్యూటర్‌కు తగిలించండి. విండోస్‌కు తగిలిస్తే 'ఇనీషియలైజ్ చేయాలా' అని అడుగుతుంది, పొరపాటున కూడా సరేననకండి. చాలా నాస్ పెట్టెల్లో లోపలున్నది లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్, దానిమీద జాగాను వాల్యూమ్‌లుగా పంచే ఎల్‌వీఎం. ప్రతి డిస్కులో ముందుండే చిన్న పార్టిషన్లు పెట్టె సొంత సిస్టమ్‌వి, పెద్దదే మీ డేటా. ఎండీఏడీఎంతో అసెంబుల్ చేసి, ఎల్‌వీఎం వాల్యూమ్‌ను లేపి, రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి కాపీ చేసుకోండి. కొన్ని కంపెనీలు ఎల్‌వీఎంలో సొంత మార్పులు చేసుకున్నాయి. అవి మామూలు లినక్స్‌లో తెరుచుకోవు, అదే కంపెనీ పెట్టె కావాలి.

ప్రశ్న: డిస్క్ టిక్ టిక్ అంటోంది. ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే నడుస్తుందంటున్నారు.

జవాబు: వద్దు. బయటికి తీయగానే లోపల తిరిగే పళ్లేల (ప్లాటర్ల) మీద తేమ పడుతుంది, దానిమీద హెడ్ నడిస్తే ఉన్న డేటా కూడా గీసుకుపోతుంది. టిక్ టిక్ అంటే హెడ్ తన చోటు దొరక్క మళ్లీ మళ్లీ వెతుక్కోవడం. ముందు కేబుల్, పవర్ మార్చి ఒక్కసారి చూడండి, కరెంటు చాలకపోయినా అదే శబ్దం వస్తుంది. అప్పటికీ ఆగకపోతే కరెంటు తీసేయండి. డేటా విలువైనదైతే హెడ్లు మార్చగల రికవరీ ల్యాబ్‌కు పంపండి, లేదంటే వదులుకోండి. ఆన్ చేసిన ప్రతిసారీ ల్యాబ్‌వాళ్ల పని కష్టమవుతుంది.

ప్రశ్న: వాడిన 8 టీబీ డిస్క్ కొన్నాను. గంటల లెక్క 12 మాత్రమే చూపిస్తోంది! ఎలా పరీక్షించాలి?

జవాబు: వాడిన డిస్కుకు 12 గంటలంటే స్మార్ట్ లెక్కను ఎవరో చెరిపేసి ఉండవచ్చు. సీగేట్‌దైతే ఫార్మ్ అనే మరో లాగ్ ఉంటుంది, స్మార్ట్‌సీటీఎల్ 7.4 నుంచి దాన్ని చదవగలదు. అందులో 30,000 గంటలు, స్మార్ట్‌లో 12 ఉంటే డిస్కును వాపసు చేయండి.

రెండు లెక్కలూ సరిపోలితే ముందు స్మార్ట్ విలువలు రాసుకుని, బ్యాడ్‌బ్లాక్స్ కమాండ్‌ను రాసి చదివే పద్ధతిలో, 4,096 బ్లాక్ సైజుతో నడపండి. డిస్కులో ఉన్నదంతా పోతుంది, డ్రైవ్ పేరు రెండుసార్లు సరిచూసుకోండి. నాలుగు నమూనాలు, ఒక్కోటి రాయడం, చదవడం కలిపి 8 టీబీ మీద 64 టీబీ పని. సగటున సెకనుకు 180 ఎంబీ వేగంతో నాలుగు రోజుల పైమాటే. డిస్క్ 16 టీబీకి మించి ఉంటే బ్లాక్ సైజును 8,192 చేయకపోతే కమాండ్ మొదలే కాదు. నడుస్తున్నంతసేపు వేడిని గమనించండి. 45 డిగ్రీల లోపు ఉంచే ప్రయత్నం చేయండి, చాలా డిస్కుల అధికారిక హద్దు 60. అయ్యాక స్మార్ట్ మళ్లీ చూడండి. 5, 197, 198లలో ఏది కదిలినా ఆ డిస్క్ వద్దు. అంత చిన్న వయసులో ఒక్క సెక్టార్ పోయినా మేమైతే ఉంచుకోం.

ప్రశ్న: తీసేసిన డిస్కును పారేసే ముందు ఎన్నిసార్లు తుడవాలి?

జవాబు: పని చేసే హార్డ్ డిస్కుకు ఒక్కసారి మొత్తం సున్నాలతో నింపితే చాలు. 35 సార్లు తుడవాలన్నది ముప్పై ఏళ్ల కిందటి డిస్కుల నాటి మాట. రీఅలొకేట్ అయిన సెక్టార్లకు మామూలు రాత చేరదు కాబట్టి, 5వ నంబర్ సున్నా కానివాటికి డిస్కులోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ ఆదేశాన్ని 'ఎన్‌హాన్స్‌డ్' రకంలో వాడండి. ఎస్‌ఎస్‌డీకి కూడా అదే దారి, సున్నాలు నింపడం దానికి పనికిరాదు. అసలు లేవని డిస్కు అయితే మూత విప్పి ప్లాటర్లు వంచేయండి. 2.5 అంగుళాల వాటిలో ప్లాటర్లు చాలావరకు గాజువి, వంగకుండా పెంకులై ఎగురుతాయి. కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డలో చుట్టి కొట్టండి.